పుల్లకు గుచ్చిన కేకు ఉండలు

"డాక్టరుగారూ, ఏది అడిగినా మీరు వద్దనే చెబుతారని తెలిసే రాస్తున్నాను" అని మొదలుపెట్టింది ఒక పాఠకురాలు. వచ్చే నెలలో ఆవిడ కొడుక్కి మూడేళ్లు నిండుతాయట. చుట్టుపక్కల ఇళ్ల నుంచి పాతికమంది పిల్లలు వస్తారట. బేకరీలో కేక్ పాప్‌ల ధర అడిగి గుండె ఝల్లుమని, ఇంట్లోనే చేద్దామని నిశ్చయించుకున్నదట. "చక్కెర తగ్గించి, ఆరోగ్యానికి చెరుపు లేకుండా చేసుకునే పద్ధతి చెప్పండి" అని అడిగింది.

వద్దని చెప్పనమ్మా. పుట్టినరోజు ఏడాదికి ఒక్కసారే వస్తుంది. పైగా ఇంట్లో చేసినదాంట్లో ఏమేం వేశామో మనకు తెలుస్తుంది. బయట కొన్నదాంట్లో ఏముందో ఆ దేవుడికే తెలియాలి. అయితే మీరు అడగని ప్రశ్న ఒకటుంది. నా దృష్టిలో అడిగిన ప్రశ్న కంటే అదే ముఖ్యం. ఆ పాతికమందిలో నాలుగేళ్లు నిండనివాళ్లు ఎందరు? అందరి సంగతి ఎందుకు, మీ బాబే ఒకడు గదా! వాడి చేతికి ఆ ఉండను పుల్లతో సహా ఇవ్వవచ్చునా? ఆ సంగతికి తరువాత వస్తాను. ముందు వంటింట్లోకి పోదాం.

మన మలీద ముద్దకు చుట్టమే

కేక్ పాప్ చూడనివారికి రెండు మాటలు. మామూలు కేకును చల్లారనిచ్చి, చేత్తో పొడిపొడిగా నలిపి, కాస్త క్రీమో తీపి ముద్దో కలిపి, నిమ్మకాయంత ఉండలు చుట్టి, కాగితపు పుల్లకు గుచ్చి, కరిగిన చాక్లెట్‌లో ముంచి తీస్తారు. చాక్లెట్ గట్టిపడి పైన పెంకులాగా అవుతుంది. దానిమీద రంగురంగుల చక్కెర పూసలో, పప్పు పలుకులో చల్లుతారు. 2008 ప్రాంతంలో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో యాంజీ డడ్లీ అనే ఆవిడ వీటికి మంచి ప్రచారం తెచ్చిపెట్టింది. 2010లో వీటిమీద ఒక పుస్తకమే వేసింది. ఆ మరుసటి ఏడు స్టార్‌బక్స్ కాఫీ దుకాణాల్లోకి కూడా ఎక్కాయి. ఇప్పుడు మన ఊళ్ల బేకరీల్లోకీ వచ్చేశాయి.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. తెలంగాణలో సద్దుల బతుకమ్మకు రొట్టెలు నలిపి, బెల్లమూ నెయ్యీ వేసి మలీద ముద్దలు కట్టరూ? వండినదాన్ని నలిపి మళ్లీ ఉండ చుట్టే విద్య మన ఆడవాళ్లకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు.

కాని ఒక తేడా ఉంది. అది తెలుసుకోవాలి. బూందీ లడ్డును వేడి పాకంలో ఉండగానే చుడతాం. అందులో చక్కెర ఎక్కువ, తడి తక్కువ. ఊరగాయలో ఉప్పు చేసే పని లడ్డులో చక్కెర చేస్తుంది. సూక్ష్మజీవులకు కావలసిన నీటిని వాటికి అందకుండా పట్టేసుకుంటుంది. ఇక సున్నుండలో నీటి తడి అనేదే ఉండదు. అందుకే డబ్బాలో పోసుకుని పక్షం రోజులు తిన్నా ఎవరికీ ఏమీ కాదు. కేకు ఉండ సంగతి వేరు. అందులో పాలున్నాయి, గుడ్డుంది, మెత్తదనం కోసం తడి ఉంచుతాం. కేకు పొయ్యిమీద నుంచి దిగాక, పూర్తిగా చల్లారాక, పది వేళ్లతో నలిపి, అరచేతిలో వేసి చుడతాం. ఆ తరువాత అది మళ్లీ పొయ్యి ఎక్కదు. కరిగిన చాక్లెట్ గోరువెచ్చగా ఉంటుందే గాని సూక్ష్మజీవులను చంపేంత వేడిగా ఉండదు. చేతులమీద ఏముంటే అది లోపలికి పోయి, పైన చాక్లెట్ తలుపు మూసేస్తుందన్నమాట.

చేతులమీద ఏముంటుంది? స్టాఫైలోకాకస్ అనే సూక్ష్మజీవి ఆరోగ్యంగా ఉన్న ఎందరి ముక్కుల్లోనో, చర్మంమీదో కాపురముంటుంది. వేలిమీద చిన్న సెగ్గడ్డ, చీము పట్టిన గాయం ఉంటే ఇక చెప్పనక్కరలేదు. అది తడిగా ఉన్న తినుబండారంలో చేరి, వెచ్చగా కొన్ని గంటలు గడిస్తే విషం తయారుచేస్తుంది. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. తిన్న గంట మొదలు ఆరు గంటల లోపల వాంతులు పట్టుకుంటాయి. పెళ్లి విందు తిన్నవాళ్లతో రాత్రికి రాత్రి వార్డు నిండిపోయి, మంచాలు చాలక వరండాలో చాపలు పరచిన సందర్భాలు నా ఉద్యోగంలో ఒకటికి నాలుగు ఉన్నాయి. కనుక గోళ్లు కత్తిరించుకుని, ఉంగరాలు తీసి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, తుడుచుకున్న తరువాతే ఉండలు చుట్టండి. వేలికి గాయమున్నవారు, జలుబు చేసినవారు, విరేచనాలతో ఉన్నవారు ఆ రోజు ఆ పనికి దూరంగా ఉండాలి. ఆ మనిషి ఇంటి ఇల్లాలే అయినా సరే.

కొలతలు

మా అమ్మాయి చేస్తుండగా పక్కన కూర్చుని రాసుకున్న లెక్క ఇది. మైదా 125 గ్రాములు (సగం గోధుమపిండి కలిపినా బాగానే ఉంటుంది), చక్కెర 80 గ్రాములు, వెన్న లేక వాసన లేని నూనె 60 గ్రాములు, గుడ్లు రెండు, పాలు పావు కప్పు, బేకింగ్ పౌడర్ ఒక చిన్న చెంచా. గుడ్డు తిననివారు దానికి బదులు అర కప్పు పెరుగు, పావు చెంచా వంటసోడా వేసుకోవచ్చు. వనస్పతి మాత్రం వద్దు. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, వనస్పతుల్లో ట్రాన్స్ క్రొవ్వు నూటికి రెండు వంతులకు మించరాదని నిబంధన వచ్చిన మాట నిజమే. అయినా వనస్పతిలోని మిగిలిన గట్టి క్రొవ్వు మాత్రం అలాగే ఉంది గదా.

ఓవెన్ ఉంటే 180 డిగ్రీల వేడిలో అరగంట. లేకపోతే కుక్కరు అడుగున ఉప్పు పోసి, రబ్బరూ విజిలూ తీసేసి, సన్నని సెగమీద నలభై నిమిషాలు. మధ్యలో పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి. కేకు సగం ఉడికినా ఫరవాలేదు, ఎలాగూ నలిపేదే గదా అనుకునేవాళ్లున్నారు. పొరపాటు. పచ్చి గుడ్డు సంగతి అందరికీ తెలుసు. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది కూడా. పచ్చి మైదా సంగతే చాలామందికి తెలియదు. పిండి మరలో గింజను శుభ్రం చేస్తారే గాని సూక్ష్మజీవులు చచ్చేలా వేడిచేయరు. పొలంలో పశువుల పేడ ద్వారా అంటిన ఇ. కోలై అనే సూక్ష్మజీవి పిండిలోకి వచ్చేస్తుంది. అమెరికాలో 2016లో మైదా వల్ల, 2021లో కేకు పిండి పొట్లాల వల్ల జనం నెత్తుటి విరేచనాలతో జబ్బుపడ్డారు. రెండోసారి జబ్బుపడినవారిలో ఎక్కువమంది పిల్లలే. పచ్చి పిండి గిన్నెను పిల్లల చేతికిచ్చి నాకమనడం ముద్దుగానే ఉంటుంది. మానేయండి.

కేకు పూర్తిగా చల్లారాక నలపండి. ముద్ద కట్టడానికి కండెన్స్‌డ్ మిల్క్ రెండు పెద్ద చెంచాలు చాలు. ఒక్కొక్క చెంచా వేస్తూ కలిపి, పిడికిట్లో నొక్కితే ఉండ నిలుస్తుందా అని చూసుకోండి. నిలిస్తే ఆపేయండి. మెత్తగా వస్తుందని ఇంకా ఇంకా పోస్తే ఉండ బరువెక్కి పుల్లమీద నుంచి జారిపోతుంది. అంతకంటే ముఖ్యం, నోట్లో బంకమట్టిలాగా అంటుకుంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ పనికివస్తుంది. అమెరికా పద్ధతిలో క్రీమ్ చీజ్ కలుపుతారు. మన ఎండలకు, మన కరెంటుకు అది తగదు.

ఉండ 25 గ్రాములుంటే ఈ కొలతకు పదహారు వస్తాయి. గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. మంచుగదిలో మాత్రం వద్దు, మరీ చల్లని ఉండను వెచ్చని చాక్లెట్‌లో ముంచితే పెంకు పగులుతుంది. చాక్లెట్ కరిగించడానికి వేడినీళ్ల గిన్నెమీద మరో గిన్నె పెట్టి, పొయ్యి ఆర్పేసి, తిప్పుతూ ఉండండి. ఒక్క నీటిబొట్టు పడినా అది ఇసకలాగా గడ్డకడుతుంది. పుల్ల కొన చాక్లెట్‌లో అద్ది, ఉండలో సగం దాకా గుచ్చి, ఆరాక ముంచి తీసి, చిల్లుల గిన్నె బోర్లించి ఆ చిల్లుల్లో నిలబెట్టండి. పుల్లలు ఈ పనికోసం అమ్మే గట్టి కాగితపువే కొనండి. చీపురు పుల్లలు, పళ్లు కుట్టుకునే మొనదేలిన పుల్లలు వద్దు.

పిల్లలు సాయం చేస్తామంటే నలపడం, ఉండలు చుట్టడం అప్పగించండి. వేడి పని మీరు చేయండి. కరిగిన చాక్లెట్ చర్మంమీద పడితే నీళ్లలాగా జారిపోదు, అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. పడితే వెంటనే కుళాయి నీటి ధార కింద ఇరవై నిమిషాలు పెట్టాలి. ఇంకు, టూత్‌పేస్టు, పసుపు, ఐసు ముక్క, ఇవేవీ వద్దు.

అడిగిన ప్రశ్నకు జవాబు

ఇలా చేసిన ఒక్క ఉండలో, పైపూతతో కలిపి, సుమారు 150 క్యాలరీలు, 11, 12 గ్రాముల చక్కెర ఉంటాయి. అంటే రెండున్నర చిన్న చెంచాలు. పిల్లలైనా పెద్దలైనా రోజుకు తినే మొత్తం క్యాలరీలలో విడిగా కలిపిన చక్కెర వాటా పదో వంతుకు మించరాదనీ, ఇరవయ్యో వంతుకు తగ్గితే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మూడేళ్ల పిల్లవాడికి రోజుకు వెయ్యి క్యాలరీలు కాస్త అటూ ఇటూగా కావాలి. పదో వంతు అంటే 25 గ్రాముల చక్కెర. కాబట్టి ఒక్క ఉండ తింటే ఆ రోజు వాటాలో సగం అయిపోయినట్టే. రెండోది తింటే పూర్తయినట్టే.

ఇంతకంటే తగ్గించాలని 80 గ్రాములను 40 చేస్తే కేకు రబ్బరులాగా అవుతుంది, పిల్లలు కొరికి పారేస్తారు. నా మాట వింటే, ఉండను అలాగే ఉంచి పక్కనున్న కూల్‌డ్రింకును తీసేయండి. ఒక మామూలు గ్లాసు కూల్‌డ్రింకులో ఇలాంటి రెండు ఉండల చక్కెర ఉంటుంది. దానికి బదులు పలుచని మజ్జిగ పెట్టండి. పెట్టిన తరువాత నీళ్లతో నోరు పుక్కిలింపజేయండి, ఈ ముద్ద దవడ పళ్ల సందుల్లో ఇరుక్కునే రకం. మధుమేహమున్న తాతగారు "ఒక్కటేగా" అంటారు. వారికి సగం పెట్టి, ఆ పూట అన్నం అంత తగ్గించమనండి. చక్కెర సంగతి ఇంతే. నేను భయపడేది దీన్ని గురించి కాదు.

రంగులు, తళుకులు

మన దేశంలో తినుబండారాల్లో వాడదగిన కృత్రిమ రంగులు ఎనిమిది మాత్రమే. వాటినీ కిలోకు 100 మిల్లీగ్రాములకు మించి వాడరాదు. ఇంట్లో చేత్తో చిటికెడు వేసేటప్పుడు ఈ లెక్క ఎవరికి తెలుస్తుంది? అంగట్లో పొట్లాలు కట్టి, పేరు లేకుండా అమ్మే గులాబీ రంగు, పసుపు రంగు కొనకండి. గులాబీ రంగుకోసం బట్టలకు వేసే రోడమిన్-బి కలుపుతున్నారని తేలి 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం పీచుమిఠాయి అమ్మకాన్నే నిషేధించింది. రంగు కావాలనుకుంటే కేకు పిండిలోనే రెండు చెంచాల చిక్కని బీట్‌రూట్ రసం పోయండి. చాక్లెట్‌లో పోయకండి, నీటిబొట్టు సంగతి పైన చెప్పాను గదా.

మరొకటి తళుకుల పొడి. బంగారంలాగా, వెండిలాగా మెరుస్తుంది. సీసామీద "విషం కాదు" అని రాసి ఉంటే చాలామంది తినవచ్చునని అనుకుంటారు. విషం కాదు అన్న మాట వేరు, తినదగినది అన్న మాట వేరు. 2018లో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఒక పుట్టినరోజు కేకు తిన్న ఆరుగురు పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. విచారిస్తే ఆ కేకుమీది తళుకు పొడి రాగి పొడి అని తేలింది. మరుసటి ఏడు మిస్సోరీ రాష్ట్రంలో ఒక పసిబిడ్డ నెత్తురులో సీసం కనబడింది. ఎక్కడినుంచి వచ్చిందని వెతికితే, ఆ బిడ్డ మొదటి పుట్టినరోజు కేకుమీద అద్దిన రంగు పొడిలో పాతిక వంతు సీసమే! వేసిన పదార్థాల పట్టిక, ఆహార భద్రత లైసెన్సు నంబరు లేని సీసాను ముట్టుకోకండి. అసలు తళుకు లేని ఉండను పిల్లలు వద్దన్న ఇల్లు నేనెక్కడా చూడలేదు.

అసలు సంగతి

ఇప్పుడు మొదట వాయిదా వేసిన ప్రశ్న. మీ బాబు చిటికెన వేలు ఒకసారి పట్టుకుని చూడండి. వాడి శ్వాసనాళం వెడల్పు ఇంచుమించు అంతే. నమిలే దవడ పళ్లు రెండున్నర, మూడేళ్లకు వస్తాయి గాని, వాటితో నిదానంగా నమిలి మింగే నేర్పు నాలుగేళ్లు దాటితే గాని రాదు. అప్పటి దాకా వాళ్లు ముందుపళ్లతో కొరికి, ముక్కను అలాగే గొంతులోకి తోస్తారు. నవ్వుతూ, పరుగెత్తుతూ, ఏడుస్తూ ఉండగా గట్టిగా గాలి పీలిస్తే ఆ ముక్క అన్నవాహికలోకి పోవలసింది ఊపిరి దారిలోకి పోతుంది.

మూడేళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు ఒక పరీక్ష ఉంది. సుమారు 32 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టంలో ఆ వస్తువు గాని, దాని ముక్క గాని పూర్తిగా దిగిపోతే అది ఆ వయసు పిల్లలకు పనికిరాదు. మన 25 గ్రాముల ఉండ మూడున్నర సెంటీమీటర్లు ఉంటుంది. ఒక్క కొరుకు కొరికారంటే, మిగిలిన ముక్క ఆ గొట్టంలో సులభంగా పడిపోతుంది. పైన గట్టి పెంకు, లోపల అంటుకునే ముద్ద, గుండ్రని ఆకారం, ఇన్నీ ఒక్కచోట కూడాయి. వాటిమీద చల్లిన వేరుసెనగ పలుకులు, బాదం ముక్కలు, వెండి పూసలు మరీ చెడ్డవి.

కొన్నేళ్ల కిందటి మాట చెబుతాను. ఇందులో తప్పు నాది. ఒక మూడేళ్ల బాబును మా ఆసుపత్రికి తీసుకువచ్చారు. మూడు వారాలుగా దగ్గు, పిల్లికూతలు. అప్పటికే ఒకచోట మందులు వాడారు. నేనూ ఛాతీ చూసి, ఉబ్బసం అని రాసి, ఆవిరి మందు పెట్టించి పంపేశాను. ఆ రోజు బయట నూటయాభైమంది రోగులున్నారు. అది సాకు కాదు, ఉన్న సంగతి చెబుతున్నాను. వారం తిరక్కుండా మళ్లీ వచ్చారు, ఈసారి జ్వరంతో. వెంట వాళ్ల నాయనమ్మ వచ్చింది. ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "డాక్టరమ్మా, పక్కింటి పుట్టినరోజునాడు పుల్ల కేకు తింటా ఎగురుతుంటే వీడికి పొలమారింది. అప్పటినుంచే ఈ దగ్గు. చెబితే ఎవరూ వినిపించుకోవడం లేదు" అంది.

అప్పుడు మళ్లీ స్టెతస్కోపు పెట్టాను. కూత రెండు వైపులా లేదు, కుడివైపే ఉంది. ఎక్స్‌రేలో ఒక ఊపిరితిత్తి గాలి చిక్కుకుని ఉబ్బి ఉంది. నగరంలోని పెద్దాసుపత్రికి పంపితే, మత్తు ఇచ్చి గొట్టం దించి, కుడి శ్వాసనాళం కొమ్మలోనుంచి వేరుసెనగ ముక్క తీశారు. నాలుగోరోజుకు బాబు ఇంటికి వచ్చాడు. మొదటిరోజే "దగ్గు మొదలైన రోజున ఏం తిన్నాడు?" అని ఒక్క మాట అడిగి ఉంటే ముందే తెలిసేది. ఆనాటి నుంచి అడగకుండా ఏ పిల్లవాడి దగ్గుకూ మందు రాయలేదు. మీరు కూడా, తింటూ తింటూ పొలమారి ఆ తరువాత దగ్గు తగ్గని పిల్లను తీసుకువెళ్లినప్పుడు, డాక్టరు అడగకపోయినా ఈ సంగతి చెప్పండి. వినకపోతే రెండోసారి చెప్పండి.

ఆ బాబు అదృష్టవంతుడు. ముక్క ఒక పక్క కొమ్మలోకి జారింది, రెండో వైపు ఊపిరి ఆడింది. పైనే అడ్డుపడితే ఆసుపత్రి దాకా వ్యవధి ఉండదు. ఆ నాలుగు నిమిషాల్లో చేయవలసింది ఇంట్లోవాళ్లే.

మన ఇళ్లలో పొలమారితే నెత్తిన తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అంటాం. పిల్ల గట్టిగా దగ్గుతూ, ఏడుస్తూ ఉన్నంతసేపూ ఆ మాట అనుకున్నా నష్టం లేదు. ఆ దగ్గే మందు, దగ్గనివ్వండి. నీళ్లు తాగించకండి. దగ్గు ఆగి, గొంతు పెగలక, నోరు తెరిచినా శబ్దం రాక, పెదవులు నీలంగా మారుతుంటే మాత్రం క్షణం ఆగకూడదు. ఒకరు 108కి ఫోను చేయండి. రెండోవారు పిల్లను ముందుకు వంచి, రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు గట్టిగా కొట్టండి. ముక్క రాకపోతే వెనక మోకాళ్లమీద కూర్చుని, పిల్ల నడుం చుట్టూ చేతులు వేసి, ఒక పిడికిలిని బొడ్డుకు పైన, రొమ్ము ఎముక కొసకు కింద ఆనించి, రెండో చేత్తో దాన్ని పట్టుకుని, లోపలికీ పైకీ ఒక్క ఊపున ఐదుసార్లు నొక్కండి. మళ్లీ ఐదు దెబ్బలు, మళ్లీ ఐదు నొక్కులు. ముక్క బయటికి వచ్చేదాకా, లేదా పిల్ల స్పృహ తప్పేదాకా ఇంతే. ఈ నొక్కే పద్ధతిని 1974లో హైమ్లిక్ అనే అమెరికా డాక్టరు చెప్పాడు.

ఏడాది నిండని బిడ్డకు పొట్టమీద నొక్కరాదు. ముంజేతిమీద బోర్లా, తల కిందికి ఉండేటట్టు పడుకోబెట్టి వీపున ఐదు దెబ్బలు, వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముకమీద ఐదు నొక్కులు. ఏ వయసువారికైనా నోట్లో ముక్క కళ్లకు కనబడితేనే తీయండి. కనబడకుండా వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం పాత అలవాటు, వద్దు. స్పృహ తప్పితే గట్టి నేలమీద పడుకోబెట్టి, 108 వారు ఫోనులో చెప్పే ప్రకారం రొమ్ము నొక్కుతూ ఉండండి. ముక్క బయటపడి పిల్ల తేరుకున్నా, పొట్టమీద నొక్కి ఉంటే తప్పక డాక్టరుకు చూపించాలి.

ఇది చదివి పక్కన పెట్టేస్తే చేతికి రాదు. పుట్టినరోజుకు ముందు, భార్యాభర్తలు ఒక తలగడను పట్టుకుని రెండుసార్లు అభ్యాసం చేయండి. నవ్వు వస్తే రానీయండి. తలగడమీదే సుమా, బాగున్న పిల్లమీద కాదు.

ఇంతకూ ఎవరికి ఎలా పెట్టాలి?

నాలుగేళ్లు దాటినవాళ్లకు పుల్లతో ఇవ్వవచ్చు, కూర్చుని తింటేనే. నోట్లో పుల్ల పెట్టుకుని పరుగెత్తుతూ బోర్లాపడి, అంగిట్లో గుచ్చుకుని వచ్చిన పిల్లలకు నేను కుట్లు వేయించాను. గొంతు వెనక పెద్ద నెత్తురు గొట్టాలుంటాయి, అందుకే అది చిన్న దెబ్బ కాదు. పెళ్లిలో పంక్తి వేసినట్టు చాపమీద వరసగా కూర్చోబెట్టి, అందరికీ ఒకేసారి ఇచ్చి, అందరూ తిన్నాకే లేవమనండి. ఆటలు దాని తరువాత. వేరుసెనగ, బాదం పడని పిల్లలెవరైనా ఉన్నారేమో తల్లులను ముందే అడగండి. పప్పు పలుకులు ఎలాగూ మానేస్తారు గనుక ఆ బెడదా తగ్గుతుంది.

నాలుగేళ్లలోపువాళ్లకు పుల్ల వద్దు, పెంకు వద్దు. చాక్లెట్‌లో ముంచని ఉండను గిన్నెలో వేసి చిదిపి, కాస్త పాలు పోసి, పక్కన కూర్చుని చెంచాతో పెట్టండి. రెండేళ్లు నిండనివారికి ఈ తీపి అవసరమే లేదు, అరటిపండు ముక్క మెదిపి పెట్టండి. ఆరోగ్యానికి మంచిదని చక్కెరకు బదులు తేనె కలిపేవాళ్లున్నారు. ఏడాదిలోపు బిడ్డకు తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి బిడ్డ పేగుల్లో పెరిగి, కండరాలు చచ్చుబడేలా చేస్తుంది. "నా కొడుకు పుట్టినరోజున వాడికే పుల్ల కేకు లేదా?" అని మీకు కష్టంగా ఉంటుంది. ఫోటోకోసం చేతికిచ్చి, ఫోటో అయ్యాక తీసుకుని, గిన్నె ఇవ్వండి. మూడేళ్లవాడు ఐదు నిమిషాల్లో మరిచిపోతాడు.

ఉండలను ముందురోజు సాయంత్రం చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోండి. బయటికి తీసిన రెండు గంటల్లో అయిపోవాలి. ఎండాకాలమైతే గంటే. ఫ్రిజ్‌లో మిగిలినవి మూడురోజులు. రాత్రంతా కరెంటు పోతే మూడురోజుల లెక్క చెల్లదు, పారేయండి. కష్టపడి చేశాం గదా అని పనిమనిషి పిల్లలకు ఇచ్చే అలవాటు కొందరికుంది. మన పిల్లలకు పెట్టలేనిది వాళ్లకు మాత్రం ఎందుకు పెట్టాలి?

పంక్తి లేచాక ఒక్క పని మరిచిపోకండి. ఆపరేషను థియేటరులో పొట్ట మూసేముందు నర్సు దూది గుడ్డలు లెక్కపెడుతుంది. అలాగే మీరు పుల్లలు లెక్కపెట్టండి. పాతిక ఇస్తే పాతికా వెనక్కి రావాలి. ఇరవైనాలుగే వస్తే, ఆ ఇరవైఅయిదోది ఎవరి నోట్లో ఉండి మేడమీదికి పరుగెత్తుతున్నదో చూడండి.